వాపును చూసి మురిసిన ఇల్లు

కిందటి వారం మిమ్మల్ని ఎర్రటి ఎండలో, ఒక ఖర్జూరం తోట కంచె దగ్గర నిలబెట్టి వెళ్లిపోయాను. మీకంటే ముందునుంచీ అక్కడ నిలబడి ఉన్నవాడు నా తమ్ముడు యెస్లెమ్. వాడి భార్య తెక్బర్‌కి ఇది తొలిచూలు. ఎనిమిదో నెల. తొలి కానుపు పుట్టింట్లోనే జరగాలి కాబట్టి వాళ్లమ్మ సల్కా రెండు నెలల కిందటే వచ్చి కూతుర్ని తీసుకుపోయింది. వెంటనే ఖర్జూరాలు పండే కాలం వచ్చిపడింది. ఊళ్లూ పట్నాలూ వదిలి జనమంతా తోటల్లో చేరి, పండింది పండినట్టు తింటూ, పాలు తాగుతూ ఒళ్లు చేసే రోజులివి. తోటకి పోయిన తెక్బర్ మళ్లీ ఆరోగ్య కేంద్రం గడప తొక్కలేదు. అక్కడి నర్సు రమటా రెండుసార్లు కబురు పెట్టింది. రెండుసార్లూ సల్కా ఒకటే జవాబు పంపింది: "పిల్ల పున్నమి చంద్రుడిలా ఉంది, దిష్టి పెట్టకండి." మూడోసారి రమటా కబురు పెట్టలేదు. రక్తపోటు చూసే పట్టీ సంచిలో పడేసుకుని నా పికప్ బండెక్కి కూర్చుంది.

నేను అమినెతూని. యెస్లెమ్ అక్కని. మా ఎడారి పట్నమైన అతార్ బజారులో ఆడవాళ్లు ఒంటినిండా చుట్టుకునే మెల్హఫా గుడ్డలు అమ్ముతాను. మూడు పెళ్లిళ్లు చేసుకున్నాను, మూడింటినీ నేనే వదిలించుకున్నాను. నా నోరంటే బజారులో మగవాళ్లకి కూడా జంకు. ఆ నోటికోసమే తమ్ముడు నన్ను వెంటబెట్టుకొచ్చాడు. ఎందుకంటే అల్లుడన్నవాడు అత్తగారి కంట పడకూడదు, ఆమె చెవిన పడకూడదు. పెళ్లయి ఏడాదిన్నర దాటినా మా వాడి గొంతు ఎలా ఉంటుందో సల్కాకి తెలియదు. సిగ్గెరిగిన అల్లుడని వాడికి మంచి పేరు. ఆ మంచి పేరే ఆ రోజు మా మెడకి చుట్టుకుంది.

"అక్కా, నువ్వు లోపలికెళ్లు. నేనిక్కడే ఉంటా. ఎలాగోలా ఆమెని ఒప్పించు," అన్నాడు తమ్ముడు, తలపాగా కొస ముక్కుదాకా లాక్కుంటూ.

"ముఖం దాచుకోవడం బాగానే నేర్చుకున్నావు. చెవులు మాత్రం దాచుకోకు. కంచెకి ఆనుకుని విను," అన్నాను.

ఖర్జూరపు మట్టలతో అల్లిన గుడిసె అది. లోపల చాప మీద అయిదారుగురు ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు, అందరూ సల్కా తరఫు చుట్టాలే. సల్కా కుంపటి ముందు కూర్చుని టీ వంచుతోంది. నన్ను చూడగానే లేచి కావలించుకుంది. మొదలైంది పలకరింపు.

"చెడేం లేదుగా అమ్మాయ్?"

"లేదత్తయ్యా. మీకు చెడేం లేదుగా?"

"లేదు. ఇంట్లో అందరూ?"

"చల్లగా ఉన్నారు. మీ మేకలు?"

"చల్లగా ఉన్నాయి. దారి? ఎండ? బండి?"

ఇల్లు తగలబడుతున్నా సరే, మా దగ్గర ముందు 'చెడేం లేదుగా' అని అడగాలి, 'లేదు' అనిపించుకోవాలి, ఆ తరవాతే నీళ్లు అడగాలి. చెడు నా కళ్లముందే దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. నేనేమో మేకల క్షేమం కనుక్కుంటున్నాను. నా మీద నాకే ఒళ్లు మండింది.

తెక్బర్ అందంగా ఉంది. దాపరికం దేనికి, అంత అందంగా నేను ఆ పిల్లని ఎప్పుడూ చూడలేదు. సన్నగా, పొడుగ్గా ఉండే ముఖం గుండ్రంగా నిండిపోయి నిగనిగలాడుతోంది. కళ్లు ఆ నిండుదనంలోకి కూరుకుపోయాయి. చేతులు పొంగిన పిండిలా ఉన్నాయి. పెళ్లినాటి ఉంగరం కండలోకి దిగిపోయి ఒక గీతలా మిగిలింది. కాళ్ల కడియాలకీ చర్మానికీ మధ్య గడ్డిపోచ కూడా దూరదు.

"ఏదీ, మణికట్టు ఎముక ఎక్కడుందో పట్టుకో చూద్దాం!" అంది ఒకావిడ గర్వంగా.

"మీ ఇంటినుంచి పుల్లలా వచ్చింది. రెండు నెలల్లో చూశావా సల్కా చేతి చలవ!" అంది ఇంకొకావిడ.

ఎముక కనబడే ఆడది మాకు కరువుకి గుర్తు. నాకు ఎనిమిదేళ్లప్పుడు మా అమ్మమ్మ నా కాలివేళ్ల మధ్య కర్రముక్కలు పెట్టి నొక్కుతూ గిన్నెల కొద్దీ పాలు తాగించింది. కక్కుకుంటే మళ్లీ తాగించింది. అందుకని ఆ ఆడవాళ్ల మురిపెం నాకు తెలియంది కాదు. ఆ మురిపెం వెనకాల ఉండే కర్రముక్కలూ తెలుసు.

అయితే తెక్బర్ తలకి ఒక గుడ్డ బిగించి కట్టి ఉంది. పక్కన పాలగిన్నె నిండుగా ఉంది, దాని పక్కనే ఇసుక కప్పిన తడి మచ్చ. తాగించింది తాగించినట్టే కక్కేస్తోందన్నమాట.

"వదినా, వచ్చావా," అంది నన్ను చూసి. నవ్వబోయింది, ముఖం సహకరించలేదు. "కాస్త నీ గాజులు కదపకు. చప్పుడు తలలో మోగుతోంది."

నేను గాజులన్నీ తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

నా వెనకే లోపలికొచ్చిన రమటా ఈలోపు పాలు తాగడం ముగించింది. దక్షిణాన నది ఒడ్డునుంచి వచ్చిన పిల్ల. సన్నగా, చువ్వలా ఉంటుంది. మా ఆడవాళ్లు ఆమెని చూస్తే ముందు జాలిపడి, ఆ తరవాతే మాట వింటారు. వాళ్లు పోసిన గిన్నె ఖాళీ చేసి పక్కన పెట్టింది.

"చూశారుగా, చుక్క మిగల్చకుండా తాగాను. ఇంక నా పని నన్ను చేసుకోనివ్వండమ్మా," అంది.

"చేసుకో నర్సమ్మా. దిష్టి మాత్రం పెట్టకు," అంది సల్కా.

పట్టీ తెక్బర్ చేతికి చాలీచాలకుండా చుట్టుకుంది. రమటా గాలి కొట్టింది, వదిలింది, ముల్లు చూసింది. "ఎడమ పక్కకి తిరిగి పడుకో తల్లీ," అని కాసేపు ఆగి మళ్లీ కొట్టింది. నేను ఆమె ముఖమే చూస్తున్నాను. ఎంతో వాగే మనిషి పెదాలు బిగించింది. నా చెవి దగ్గరికి వంగి, "నూట డెబ్బై, కింద నూట పన్నెండు," అంది. నాకు ఆ లెక్కలు తెలియవు. ఆమె గొంతు మాత్రం అర్థమైంది.

తరవాత తెక్బర్ కాలి ముందుభాగం మీద బొటనవేలు పెట్టి నొక్కి తీసింది. పచ్చి మట్టిలో వేలు దిగినట్టు గుంట పడింది. అది పూడలేదు. ఇందాక మెచ్చుకున్న ఆడవాళ్లందరూ ఆ గుంట వైపే చూస్తూ కూర్చున్నారు. ఒకావిడ మెల్లిగా తన మెల్హఫా కొస లాగి దాని మీద కప్పింది.

"ఒక చిన్న సీసాలో మూత్రం కావాలి," అంది రమటా.

నేను తెక్బర్‌ని గుడిసె వెనక్కి నడిపించుకెళ్లాను. ఆమె బరువంతా నా భుజం మీదే. దారిలో, "వదినా, ఇక్కడ నొప్పి," అని కుడివైపు పక్కటెముకల కింద చెయ్యి పెట్టి చూపించింది. "అమ్మ చెబుతోంది, పాలు అరగక అని."

తిరిగొచ్చేసరికి రమటా సంచి తిరగేసి పెదవి విరుస్తోంది. నొప్పి సంగతి ఆమె చెవిన వేశాను. మూత్రంలో ముంచి చూసే కాగితాలు కేంద్రంలో అయిపోయి ఎన్నాళ్లయిందో. ఆమె ఒక గాజు గొట్టం తీసి, బట్టలకి పెట్టే క్లిప్పుతో దాని మెడ పట్టుకుంది.

"ఆ కెటిల్ కాస్త దింపండమ్మా," అంది సల్కాతో.

"దేనికి?"

"కుంపటి కావాలి. దీన్ని కాచాలి."

గుడిసెలో గగ్గోలు పుట్టింది. "టీ కుంపటి మీదా! ఛీ!" అని ఒకావిడ ముక్కు మూసుకుంది. "మూడో గ్లాసు ఇంకా కాలేదు, మూడూ అవకుండా టీ దింపుతారా, నీకేమైనా పిచ్చా పిల్లా?" అని ఇంకొకావిడ లేచింది. సల్కా కెటిల్ మీద చెయ్యి తీయలేదు.

"నర్సమ్మా, నువ్వు కాచే ఆ టీ ఎవరు తాగాలి?"

"ఎవరూ తాగక్కర్లేదు. మీరు కళ్లతో చూస్తే చాలు," అంది రమటా. నేనే కెటిల్ తీసి పక్కన పెట్టాను. చెయ్యి చురుక్కుమంది కానీ సల్కా చూపు కంటే తక్కువే.

గొట్టం పైభాగాన్ని నిప్పుల మీద ఆడించింది రమటా. అప్పటిదాకా తేటగా ఉన్న నీళ్లు పైన మసకబారాయి. సంచిలోంచి చిన్న సీసా తీసి రెండు చుక్కలు వెనిగర్ వేసింది. మసక విరగలేదు, ఇంకా చిక్కబడింది. చూస్తుండగానే గుడ్డు తెల్లసొన ఉడికినట్టు గడ్డకట్టింది. రమటా గొట్టాన్ని తలకిందులు చేసింది. ఆ తెల్లటి ముద్ద జారలేదు. ముక్కు మూసుకున్న ఆవిడ చెయ్యి తీసేసి ముందుకి వంగింది.

"ఏమిటది?" అంది సల్కా. అడగడం ఇష్టంలేని మనిషి అడిగినట్టు అడిగింది.

"మీ అమ్మాయి నెత్తుట్లో ఉండాల్సిన సత్తువ. బయటికి కారిపోతోంది. మీరు పోసిన పాలు, వెన్న ఒంటికి పట్టలేదమ్మా. ఇది కండ కాదు, కొవ్వూ కాదు, నీరు. రక్తపోటు ఎక్కడికో పోయింది. తల పగిలిపోతోంది, డొక్క కింద నొప్పి. ఇంక ఒక్క పూట కూడా ఇక్కడ ఉంచకూడదు. ఇప్పుడే సూది వేసి అతార్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అక్కడ బిడ్డని బయటికి తీస్తే గానీ తల్లికి నెమ్మదించదు."

"బిడ్డని తీయడమా?" సల్కా లేచి వెళ్లి కూతురి పక్కన కూర్చుంది. కోడిపెట్ట పిల్లని కప్పినట్టు తన మెల్హఫా కూతురి మీదికి లాగింది. "ఏడో నెలలో పుట్టినా బతుకుతారు, తొమ్మిదిలో పుట్టినా బతుకుతారు. ఎనిమిదిలో పుట్టిన బిడ్డ ఎక్కడైనా బతికిందా? కడుపు కోసి చచ్చిన బిడ్డని చేతిలో పెడతారు. అదేగా మీ ఆసుపత్రి?"

"తియ్యకపోతే ఇద్దరూ పోతారు."

"నోర్ముయ్!" అంది సల్కా. ఆ కేకకి తెక్బర్ రెండు చేతులతో తల పట్టుకుంది.

రమటా నోరు మూయలేదు. గొంతు మాత్రం తగ్గించింది. "నాలుగో నెలలో నేను చిన్న మాత్రలు ఇచ్చాను. రోజూ రాత్రి ఒకటి వెయ్యమన్నాను. వేస్తున్నారా?"

సల్కా తోలు సంచిలో చెయ్యి పెట్టి ఒక అట్టపెట్టె తీసి రమటా ఒళ్లోకి విసిరింది. "ఇదిగో, తీసుకో. నా ఇంటికి వచ్చాక ఒక్కటంటే ఒక్కటి మింగనివ్వలేదు. జ్వరం లేని పిల్లకి జ్వరం మాత్రలు దేనికి? నెత్తురు పల్చన చేస్తుందట అది, అంగడివాడే చెప్పాడు. నెత్తురు చిక్కబడాలనేగా నేను వెన్న పోసేది!"

రమటా ఆ పెట్టె తెరిచి మిగిలిపోయిన మాత్రలు చూసింది. అంత అలిసిపోయిన ముఖం నేను ఆమెలో ఎప్పుడూ చూడలేదు.

"అందుకేనమ్మా ఇచ్చింది," అంది. "తొలి కానుపు. నాలుగో నెలకే రక్తపోటు హద్దు అంచున ఉంది. ఇలా అవుతుందేమోనని భయపడే ఇచ్చాను. బిడ్డకి నెత్తురు వెళ్లే దారులు మూసుకుపోకుండా కాపాడే మాత్ర ఇది. అప్పుడు మొదలుపెట్టి ఆపకుండా వేస్తే చాలామందిలో ఈ జబ్బు రాకుండా ఆపుతుంది. ఇప్పుడు ఈ పెట్టె మొత్తం మింగించినా ఏమీ ఒరగదు."

నాకు సల్కాని జుట్టు పట్టి ఊపాలనిపించింది. ఆమె చుట్టాలందరూ అక్కడ ఉన్నారు కాబట్టి కాదు, తెక్బర్ తల నొప్పి పెరుగుతుందని ఊరుకున్నాను.

కంచె అవతలినుంచి దగ్గు వినిపించింది. తమ్ముడు. "అక్కా," అని గొంతు తగ్గించి పిలిచాడు. "ఆమెకి చెప్పు. బిడ్డ నాది. బిడ్డ పోయినా ఫరవాలేదు, తెక్బర్ ఉంటే చాలు అని చెప్పు."

"బిడ్డ పోయినా ఫరవాలేదు, తెక్బర్ ఉంటే చాలంటున్నాడు మా వాడు," అన్నాను సల్కాతో.

సల్కా కంచె వైపు చూడకుండా, నాతోనే అంది. "వాడికి చెప్పు. నా పిల్ల నా ఇంట్లో ఉంది. కానుపయ్యేదాకా పెత్తనం నాది."

"విన్నావా?" అని అరిచాను కంచె వైపు.

"విన్నాను. ఆమెకి చెప్పు..."

"ఒరేయ్, నేను మనిషినా, టెలిఫోనునా!" అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాక్కూడా నవ్వు రాలేదు.

అప్పుడు తెక్బర్ మాట్లాడింది. కళ్లు మూసుకునే ఉంది.

"అమ్మా, మైమూనా అక్క కూడా ఇలాగే ఉండేది కదా."

సల్కా చెయ్యి కూతురి నోటి మీదికి వెళ్లింది. "నిద్రపో. మాట్లాడకు."

తెక్బర్ ఆ చేతిని పక్కకి జరిపింది. "కాళ్లు ఇలాగే ఉండేవి. ఉంగరం రాకపోతే పట్టకారుతో తెంచారు. నేను చూశాను. చిన్నదాన్నని నన్ను బయటికి పంపేశారు గానీ, చూశాను."

మైమూనా సల్కా పెద్దకూతురు. ఏడేళ్ల కిందట పోయింది. జ్వరంతో పోయిందని మాకు చెప్పారు. పెళ్లి మాటలప్పుడు మా అమ్మ అడిగితే కూడా అదే చెప్పారు. కడుపుతో ఉండగా పోయిందన్న సంగతి నేను ఆ గుడిసెలోనే మొదటిసారి విన్నాను. చుట్టూ ఉన్న ఆడవాళ్లు విని ఆశ్చర్యపోలేదు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా చాప వైపు చూశారు. అందరికీ తెలుసన్నమాట.

"అమ్మా," అంది రమటా, "నాలుగో నెలలో కూతుర్ని చూడ్డానికి వచ్చి మీరు కేంద్రానికి కూడా వచ్చినప్పుడు మిమ్మల్ని అడిగాను. ఇంట్లో మీకు గానీ, మీ కూతుళ్లకి గానీ కడుపుతో ఉన్నప్పుడు ఒళ్లు వాచి మూర్ఛలు వచ్చాయా అని అడిగాను. లేదన్నారు."

"జ్వరం వచ్చింది. జ్వరం."

"అమ్మా..."

"జ్వరమని చెప్పానా!"

వాకిట్లో వెలుగు తగ్గింది. ఎవరో అడ్డం నిలబడ్డారు. ఆడవాళ్లందరూ ఒక్కసారిగా మెల్హఫాలు ముఖం మీదికి లాక్కున్నారు. ఒకావిడ "అయ్యో అయ్యో, సిగ్గులేదా" అని గోడ వైపు తిరిగిపోయింది. నా తమ్ముడు తలపాగా విప్పి చేత్తో పట్టుకుని ఉన్నాడు. ముఖం, మెడ, అన్నీ కనబడుతున్నాయి. నడిబజారులో బట్టలు విప్పి నిలబడ్డా వాడికి అంత సిగ్గు ఉండేది కాదేమో. నాకు వాణ్ణి చూస్తే ఏడుపొచ్చింది, గర్వంగా కూడా ఉంది.

సల్కా ముఖం గోడ వైపు తిప్పేసుకుంది. వాడు ఆమె వీపు ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"అమ్మా," అన్నాడు. ఏడాదిన్నరలో ఆమెతో వాడన్న మొదటి మాట అది. "రేపు అందరూ నన్ను ఏమైనా అననీ. మీరు కూడా అనండి. మీ పెద్దమ్మాయి ఎలా పోయిందో చెప్పండి."

"నిన్నెవరు రమ్మన్నారు?" అంది సల్కా గోడతో.

"ఎవరూ రమ్మనలేదు. చెప్పేదాకా పోను."

"నా ముఖం చూసే హక్కు నీకు లేదు."

"చూడను. మీరు తిరక్కండి. చెప్పండి చాలు."

చివరికి సల్కా మాట్లాడింది. కేకలు వేసే మనిషి గొంతు కాదది.

"ఆ వారం అది ఎంత బాగుందో తెలుసా? పెళ్లినాడు కూడా అంత బాలేదు. పక్క తోటల వాళ్లంతా వచ్చి చూసిపోయారు. నేను మేకని కోయించాను. తల నొప్పి, తల నొప్పి అంది. దిష్టి అనుకుని తాయెత్తు కట్టించాను. రెండు రోజులు. తరవాత..." ఆగింది. "నాలుక కొరుక్కుంది. కళ్లు పైకి పోయాయి. ఒళ్లంతా విరుచుకుపడింది. జిన్ను దయ్యం పట్టిందన్నారు. నలుగురు మగవాళ్లు కాళ్లూ చేతులూ పట్టుకుని మంత్రం చదివారు. నాలుగోసారి వచ్చాక మళ్లీ లేవలేదు. బిడ్డ కూడా లోపలే..."

"జ్వరమని ఎందుకు చెప్పారమ్మా?" అన్నాడు యెస్లెమ్. కోపం లేదు వాడి గొంతులో.

"జిన్ను పట్టిన ఇల్లంటే చిన్నదాన్ని ఎవడు చేసుకుంటాడు? నువ్వు చేసుకునేవాడివా? మీ అమ్మ ఒప్పుకునేదా?" అంది సల్కా. "నర్సమ్మ అడిగినప్పుడు చెబితే ఆ మాట మీ ఇంటిదాకా రాదా? కాపురం నిలవదని చెప్పలేదు. ఈసారి తెక్బర్ ఒళ్లు చేసినప్పుడు దేవుడు నాకు బదులిచ్చాడనుకున్నాను. ఈసారి అందం మాత్రమే ఇచ్చాడు, జిన్నుని పంపలేదనుకున్నాను."

మా ఇంటికి ఆ మాట తెలిసి ఉంటే మా అమ్మ ఈ సంబంధం ఒప్పుకునేది కాదు. అది నిజం. సల్కా కూతురి కాపురం నిలబెట్టుకుంది, కూతుర్ని పోగొట్టుకునేదాకా వచ్చింది. నా కోపమంతా ఎక్కడికో జారిపోయింది. మిగిలిన భయం దాని కంటే పెద్దది.

రమటా సల్కా దగ్గరికి జరిగి ఆమె మోచెయ్యి పట్టుకుంది. "అది జిన్ను కాదమ్మా. పెద్దమ్మాయికి వచ్చింది ఇదే, ఈ గొట్టంలో ఉన్నదే. ఇది కొన్ని ఇళ్లల్లో అక్కకి వస్తే చెల్లికీ వస్తుంది. పెద్దమ్మాయికి మూర్ఛలు మొదలయ్యాకే మీకు తెలిసింది. తెక్బర్‌కి ఇంకా మొదలు కాలేదు. మొదలు కాకుండా ఆపే మందు నా దగ్గరుంది. మందు బండిలో ఉంది. పదడుగులు నడిస్తే బండి."

సల్కా అప్పుడు తిరిగింది. అల్లుడి ముఖం మొదటిసారి చూసింది. ముఖం దాచుకోలేదు, అతన్ని దాచుకోమనీ అనలేదు.

"ఎత్తుకో," అంది. "ఇంకా చూస్తావేం? ఎత్తుకో దాన్ని!"

వాడు తెక్బర్‌ని రెండు చేతుల మీద లేపాడు. తలపాగా చాప మీదే ఉండిపోయింది. రమటా ముందు పరిగెత్తింది, సూదిమందు సిద్ధం చేయడానికి. నేను తెక్బర్ చెయ్యి పట్టుకుని పక్కనే నడిచాను, సల్కా చెప్పులు లేకుండా మా వెనకాలే వచ్చింది.

గుడిసె దాటి బయటపడేసరికి ఎండ ముఖం మీద కొట్టింది. నడినెత్తిన సూర్యుడు, కింద తెల్లటి ఇసుక. నేను చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, తమ్ముడు కళ్లు చిట్లించాడు. తెక్బర్ తల వాడి భుజం మీద వాలి ఉంది. కళ్లు తెరిచే ఉంది. సూర్యుడి వైపే చూస్తోంది. రెప్ప వేయడం లేదు.

"అమ్మా," అంది. "ఇంత చీకట్లో ప్రయాణమేమిటి? తెల్లారాక వెళ్దాం. ఎవరైనా దీపం పెట్టండి."

తమ్ముడి అడుగు ఆగిపోయింది. నేను ఆ పిల్ల ముఖం ముందు చెయ్యి ఆడించాను. నా చెయ్యే కాదు, నా వెనకాల ఉన్న ఆకాశం కూడా ఆ కళ్లకి కనబడటం లేదు.

సల్కా ఇసుకలో కూలబడింది. "పెద్దదీ ఇదే అడిగింది," అంది. "పట్టపగలు దీపం పెట్టమని అడిగింది."

బండి దగ్గర రమటా చేతిలో సగం నిండిన సిరంజి ఉంది. ఆ మాట విని గిరుక్కున తిరిగింది. "అడిగాక ఎంతసేపటికి వచ్చాయమ్మా మూర్ఛలు? గుర్తు తెచ్చుకోండి! ఎంతసేపటికి?"

"దీపం వెతకడానికి లోపలికి వెళ్లాను," అంది సల్కా. "వెలిగించి తెచ్చేసరికే..."

ఆమె మాట పూర్తి కాలేదు. నా చేతిలో ఉన్న తెక్బర్ వేళ్లు ఒక్కొక్కటే బిగుసుకోవడం మొదలైంది.